తల వంచిన కణుజు

కణుజుకోట దర్బారును కొమ్ముల చావడి అంటారు. ఎర్రరాతి స్తంభాలు, వాటి మీద చెక్కిన నెమళ్లు, పైకప్పు నుంచి గొలుసులతో వేలాడే వెండి తూగుదీపాలు, అడుగు వేస్తే మెత్తగా కుంగే రత్నకంబళ్లు, ఇవన్నీ ఏ రాజ్యంలో అయినా ఉంటాయి. సింహాసనానికి ఎదురుగా ఉన్న గోడ మాత్రం మరెక్కడా లేదు. ఆ గోడ నిండా కణుజులనే పెద్ద జింకల తలలే. తోలూ మాంసమూ లేని తెల్లటి ఎముక తలలు, వాటి మీద నూనె పట్టి నిగనిగలాడే నల్లటి కొమ్ములు. కొత్తవాళ్లు వాటిని చూసి వేట సరదాకు పెట్టుకున్నారనుకుంటారు. కావు. అవి సాక్షులు.

ఆ రాజ్యపు కట్టుబాటు అలాంటిది. చెవికి రాజముద్ర ఉన్న పట్టపు కణుజును ఎవరైనా చంపితే, దాని తలను కొమ్ముపనివాళ్లు కడిగి శుభ్రం చేసి, ఒక్క పన్ను పోకుండా, ఒక్క ఎముక చిట్లకుండా తెచ్చి ఆ గోడకు తగిలించాలి. అప్పుడు ఆ తల ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు చెబుతుంది. నిజమే చెబుతుంది. పన్ను పోయిందా, ఎముక చిట్లిందా, ఇక ఆ నోరు పెగలదు.

ఇప్పుడు ఆ పని కుందమ నెత్తిన పడింది. కోటలో మిగిలిన కొమ్ముపనివాళ్లు ఇద్దరే, ఆమే, ఆమె అన్న బేతయ్యా. బేతయ్య కులవృత్తి వదిలి అడవి కావలి కాస్తున్నాడు. పట్టపు కణుజు చచ్చి పడి ఉన్నచోట, చేతిలో విల్లుతో దొరికినవాడు అతనే. కీర్తిమల్ల మహారాజు విచారణ కూడా లేకుండా శిరచ్ఛేదం విధించాడు. రాణి సోమలదేవి అడ్డుపడి కట్టుబాటు గుర్తుచేయకపోతే అతని తల ఆ రోజే తెగేది. పున్నమి మధ్యాహ్నం భేరి మోగేలోగా కణుజు తల గోడకెక్కాలి. ఎక్కకపోతే రాజు మాటే చెల్లుతుంది.

కుందమ చెరసాలకు పరుగెత్తింది. ఊచల అవతల బేతయ్య గడ్డం మాసి, కళ్లు లోపలికి పోయి ఉన్నాడు. పక్కనే రాజుగారి అంతరంగిక భటుడు జగ్గన మీసం దువ్వుకుంటూ చెవులు రిక్కించి నిలబడ్డాడు.

"నువ్వు కాదు కదన్నా? కాదని ఒక్క మాట చెప్పు. నాకు ధైర్యంగా ఉంటుంది," అంది కుందమ.

బేతయ్య ఒకసారి జగ్గన వంక చూశాడు. "తలను బాగా చెయ్యి అమ్మీ. నాన్న చెప్పినట్టు చెయ్యి. నన్నేమీ అడక్కు."

"అడక్కపోతే ఎట్లా?"

"అడక్కు," అని అతను గోడవైపు తిరిగిపోయాడు. కుందమకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. చిన్నప్పటి నుంచీ ఇంతే ఈ మనిషి, నోట్లోంచి నాలుగు మాటలు లాగాలంటే నలుగురు పట్టాలి.

వంటశాల పెరట్లో ఆమెకు గుండిగ ఇచ్చారు. తోలు ఒలిచి, కళ్లూ నాలుకా తీసి, కొమ్ములకు నువ్వులనూనెలో తడిపిన గుడ్డలు చుట్టి, తలను కొమ్ముల మొదలు దాకా నీళ్లలో ఉంచింది. కొమ్ములకు నీళ్లు తగిలితే వన్నె పోయి ఎండుకట్టెల్లా పాలిపోతాయి. అడుగున నాలుగు పిడకలు. ఆవిరి లేవాలి గాని నీళ్లు మరగకూడదు. ఆ మంట దగ్గర కూర్చుంటే ఆమె ప్రాణం కాస్త కుదుటపడింది.

ఇంతలో జగ్గన ఇద్దరు వంటవాళ్లతో వచ్చాడు. "ఏమే, ఇది మంటేనా? మోపులు తెచ్చి ఎగదొయ్యండిరా. మహారాజుగారు తొందరపడుతున్నారు."

"దొరా, నీళ్లు కుతకుతలాడితే పళ్లు ఊడిపోతాయి. ముక్కులోపలి ఎముక ఉల్లిపొరలా ఉంటుంది, విడిపోతుంది. మీకు దండం పెడతా, మంట పెంచకండి."

"తెల్లగా రావాలట," అంటూ జగ్గన చంకలోని కుండ మూత తీశాడు. అందులో ఉన్నది సున్నం. తెలియనివాళ్లు చేసే పొరపాటు అది. వేసినరోజు ఎముక మల్లెపువ్వులా తెల్లబడుతుంది, ఆ తరువాత పిండిపిండిగా రాలిపోతుంది. కుందమ ఆ మాట చెప్పబోయి అతని మొహం చూసింది. జగ్గన నవ్వుతున్నాడు. వీడికి అంతా తెలుసు, తెలిసే తెచ్చాడు.

ఇంక మాటలతో పనిలేదు. ఆమె కొమ్ములు రెండూ పట్టుకుని తలను పైకి లాగి, గుండిగను కాలితో ఒక్క తన్ను తన్నింది. వేడినీళ్లు జగ్గన కాళ్ల మీద పడ్డాయి. అతను గంతులు వేస్తుండగానే ఆవిరి చాటున కుందమ కాళ్లకు బుద్ధి చెప్పింది.

పారిపోవడం సరే, బారెడేసి కొమ్ములున్న తలను ఎక్కడ దాస్తారు? చీర చెంగులో పట్టదు, గంపలో ఇమడదు. కట్టెల కొట్టంలోకి దూరి చుట్టూ చూసింది. వంకర కొమ్మలు తెచ్చి తల చుట్టూ పేర్చి, కణుజు కొమ్ములు కట్టెపుల్లల్లో కలిసిపోయేలా మోపు కట్టింది. మసి తీసి మొహానికీ చేతులకూ రుద్దుకుంది. అక్కడ ఆరేసిన చిరుగుల కోక కప్పుకుని, నడుం వంచి, మోపు నెత్తికెత్తుకుని, మూలుగుతూ కోటగుమ్మం వైపు నడిచింది.

గుమ్మం దగ్గర కావలివాడు అడ్డం వచ్చాడు. "అవ్వా, అందరూ కట్టెలు లోపలికి తెస్తారు, నువ్వు బయటికి మోస్తున్నావేం?"

"పచ్చికట్టెలని వంటాయన మొహాన కొట్టాడు నాయనా. పొగే గాని మంట లేదంట. మళ్లీ ఎండబెట్టి తెమ్మన్నాడు. ఎవరికి చెప్పుకునేది?"

కావలివాడు పచ్చివో ఎండువో చూద్దామని మోపులోంచి ఒక కట్టె పట్టి లాగాడు. అది కణుజు కొమ్ము. అది రాలేదు. ఇంకోసారి లాగాడు.

"చండ్రకట్టె నాయనా, గట్టిది. నీకు కావాలంటే మోపు మొత్తం దించుతా, కాస్త పట్టి మళ్లీ నా నెత్తికెత్తాలి," అంది.

మోపు ఎత్తాలనేసరికి అతనికి వేరే పని గుర్తొచ్చింది. "పో పో," అన్నాడు. కోటబురుజు మీద కొమ్ముబూర మోగేసరికి కుందమ అడవిలో పడింది.

ఆ అడవి అందం చెప్పుకోవాలంటే పొద్దు చాలదు. మోదుగులు విరగబూసి కొండ కొండంతా నిప్పంటుకున్నట్టుంది. వెదురు పొదల మధ్య ఏరు రాళ్ల మీద గలగలా దూకుతోంది, నీటి తుంపర్లలో ఎండ పడి ఇంద్రధనుస్సులు లేస్తున్నాయి, పచ్చపావురాలు గుంపులుగా మేడికొమ్మల మీద వాలుతున్నాయి. కుందమకు ఇవేవీ కంటికి ఆనలేదు. ఏటి ఒడ్డున బండ చాటు చూసుకుని, గొల్లలు వదిలేసిన మట్టిబాన ఒకటి దొరికితే అందులో నీళ్లు వెచ్చబెట్టి, మొదలుపెట్టిన పనిని మళ్లీ మొదలుపెట్టింది.

కొమ్ముపనివాళ్లు తలతో మాట్లాడుతూ కడుగుతారు. అది వాళ్ల ఆచారం. "నొప్పి పెడుతున్నానా తండ్రీ? ఇదిగో అయిపోయింది. ఈ చెంప చూపించు. నీ మీద నాకు కోపం లేదు, మా అన్న మీదే ఉంది," అంటూ ఆమె చిన్నకత్తితో ఉడికిన మాంసం పొరలు పొరలుగా తీసింది. ఎముకకు గీటు పడకుండా కత్తి మొద్దువైపుతోనే గీకింది. తరువాత మెడ కలిసే చోట ఎముకకు ఉన్న గుండ్రటి కంతలోంచి కొక్కెపు పుల్ల దూర్చి మెదడు లాగుతుంటే లోపల ఏదో టక్కుమంది.

పుల్ల తిప్పి తిప్పి దాన్ని బయటికి తీసింది. అది బాణపు ములికి. ఇనుముది కాదు, దుప్పికొమ్ము మొనతో చెక్కింది. అన్న ములుకులు వేరేవాళ్లవాటిలో కలిసిపోకూడదని ఒక్కోదాని అంచున కుందమే గింజంత గాటు పెడుతుంది. ఆ గాటు దీనికీ ఉంది.

కుందమ ఏటి ఒడ్డున కూలబడి భోరున ఏడ్చింది. చంపింది అన్నే. నిన్నెవరు చంపారని అడిగితే ఈ తల బేతయ్య పేరే చెబుతుంది. తల పగలగొట్టి పారేస్తే రాజు మాట చెల్లుతుంది. ఎటు తిరిగినా కత్తి అన్న మెడ మీదే. "ఇందుకా అడక్కు అన్నావు? నోరులేని జీవం నిన్నేం చేసిందన్నా," అని తిట్టుకుంది, తిట్టి మళ్లీ ఏడ్చింది.

ఏడుపు తీరాక, పనిచేసే చేతులు కనుక, ఊరికే ఉండలేక ఒక ఈతపుల్లను ఆ కంతలో పెట్టి ములికి ఎటునుంచి దిగిందో చూసింది. ఇంకోసారి చూసింది. ములికి మెడ వెనకనుంచి నుదుటివైపు తిన్నగా దిగింది. ఎముకకు చిన్న పెచ్చు కూడా లేవలేదు. పరుగెత్తే కణుజును అలా కొట్టడం ఏ విలుకాడి తరమూ కాదు. మేస్తున్నా కాదు, పోట్లాటకు వచ్చినా కాదు. ఎదురుగా నిలబడినవాడికి మెడ అందేలా, మోకాళ్ల మీద వాలి తల పూర్తిగా నేలకు వంచితేనే బాణం అలా దిగుతుంది.

ఏం అడగాలో అప్పుడు ఆమెకు తెలిసింది. కన్నీళ్లు తుడుచుకుని పనిలో పడింది.

కత్తికి అందని సందుల్లో మాంసాన్ని చీమలకు అప్పగించాలి. పెద్ద చీమలపుట్ట చూసి, తలనూ కింది దవడనూ దాని మీద పెట్టి, చుట్టూ ముళ్లకంప నాటి, తాను పక్కనున్న చెట్టెక్కి కాపలా కూర్చుంది. చీమలు బారులు కట్టాయి. ముక్కు రంధ్రాల్లో, కంటి గుంటల్లో, పళ్ల సందుల్లో అవి చేసే పని ఏ పనివాడూ చేయలేడు. పొద్దు వాలుతుండగా పొదలు కదిలాయి. ఒక దుమ్ములగొండి బయటికి వచ్చింది. మామూలు దుమ్ములగొండి అయితే కుందమ రాయి విసిరి తోలేసేదే. దీనికి కళ్లు లేవు. కళ్లుండవలసిన చోట నల్లటి పొగ సుడులు తిరుగుతోంది. ముళ్లకంప దానికి గీసుకోలేదు. తిన్నగా వచ్చి కింది దవడను నోట కరుచుకుని పరుగు లంకించుకుంది.

కుందమ చెట్టు మీదనుంచి దూకి వెంటపడింది. తుప్పలు, రాళ్లు, ఏరు, మళ్లీ రాళ్లు. అది కొండచరియలో ఒక గుహలోకి దూరింది. ఆమె బయట ఎండు ఈతాకులు దూసి చెకుముకి కొట్టి అంటించి, ఆ కాగడాతో లోపలికి పాకింది. ఎముకల గుట్ట మీద నిలబడి ఆ జంతువు దవడను కొరకబోతోంది. మంటను దాని మొహాన పెట్టింది. అది మనిషి గొంతుతో మూలిగి, పొగై, గుహ కప్పు వెంట జారుకుని పోయింది. దవడ కింద పడింది.

అలా పొగతో జంతువులను చేసేవాడు ధూమకంఠుడనే మాంత్రికుడు ఒక్కడే. వాణ్ని చంపి వచ్చానని మహారాజు చాటింపు వేయించి రెండేళ్లయింది. మరి దీన్నెవరు పంపారు? ఆలోచించే తీరిక లేదు. దవడను చూసుకుంటే ముందు పన్ను ఒకటి లేదు. కాగడా ఆరిపోతుంటే, ఎన్నో జంతువుల ఎముకలు కుప్పపడిన ఆ నేల మీద మోకాళ్ల మీద పాకుతూ వేళ్లతో తడిమింది. ఇది కాదు, ఇది నక్కది, ఇది గొర్రెది. వేళ్లు చీరుకుపోయాక గాని ఆ పన్ను దొరకలేదు. దాన్ని కళ్లకద్దుకుని చెంగున ముడి వేసుకుంది.

ఆ తరువాత పని వేళ్లకు అలవాటైన దారిలో సాగింది. కుంకుడు రసంలో నానబెడితే ఎముకలోని జిడ్డు పైకి తేలింది. ఎండలో పెడితే ఎముక తనంతట తానే తెల్లబడింది. ఊడిన పన్నును లక్కతో అతికించింది. కింది దవడను రాగితీగతో కట్టింది. కొమ్ముల మొదట్లో వన్నె తగ్గిన చోట కరక్కాయ కషాయం పూసి, అంతటా నువ్వులనూనె రుద్ది రుద్ది మెరుగు తెచ్చింది. టేకు పలకకు బిగించి ఎదురుగా పెట్టుకుని చూసుకుంటే ఆమెకే చెయ్యెత్తి మొక్కాలనిపించింది.

పున్నమి మధ్యాహ్నం భేరీ మీద కర్ర ఎత్తుతుండగా కుందమ కొమ్ముల చావడిలో అడుగుపెట్టింది. కడిగిన తలను ఎత్తుకుని వచ్చేవాళ్లను ఎవరూ ఆపకూడదు. జగ్గన పళ్లు కొరుకుతూ పక్కకు తప్పుకున్నాడు. చావడి మధ్యలో బేతయ్య గొలుసులతో మోకరిల్లి ఉన్నాడు, వెనకే తలారి నిలబడ్డాడు. సింహాసనం మీద కీర్తిమల్ల మహారాజు, ఆయన పక్కన రాణి సోమలదేవి.

రాజు దిగివచ్చి తలను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఉన్నట్టుండి పెదవి విరిచాడు. "ఈ తల చెల్లదు. కింద ముందుపళ్లున్నాయి గాని పైన ముందుపళ్లేవీ? ఒక్కటి కూడా లేదు. అన్నీ పోగొట్టి తెచ్చింది. తలారీ, కానివ్వు."

చావడిలో ఎవరో కిసుక్కుమన్నారు. కణుజుకు పైదవడ ముందుభాగంలో పళ్లుండవు. ఆవుకూ ఉండవు, మేకకూ ఉండవు. కణుజుకోటలో ఈ సంగతి పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. పసితనం నుంచీ కణుజుల మధ్య పెరిగిన కీర్తిమల్లుడు ఇలా పప్పులో కాలేయడం ఏమిటి? రాణి భర్త మొహం వంక కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

"పిల్లా, తలను గోడకు తగిలించు. అడగవలసింది నువ్వే అడుగు," అంది ఆమె.

కుందమ పలకను మేకుకు తగిలించింది. ఎవరు చంపారని అడుగుతుందని అందరూ ఎదురుచూస్తున్నారు. బేతయ్య కళ్లు మూసుకున్నాడు.

"తండ్రీ, బాణానికి నువ్వు తల ఎందుకు వంచావు?" అని అడిగింది ఆమె.

కిందిదవడ మెల్లగా కదిలింది. వచ్చిన గొంతు విని రాణి కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నేను కీర్తిమల్లుణ్ని. ధూమకంఠుడు నన్ను కణుజును చేసి నా రూపం దొంగిలించాడు, నా రాజముద్ర మాత్రం చెవికి మిగిలింది. నా ప్రాణం ఉన్నంతకాలం ఆ రూపం వాడికి ఉంటుంది. ప్రాణం పోయి, ఆ మాట నా నోటితో నా సభలో చెబితేనే అది ఊడుతుంది. అందుకని బేతయ్యను నేనే బతిమాలాను. అతను రోజంతా ఏడ్చి, కాదని కాదని చివరికి ఒప్పుకున్నాడు. నా జనం కోసం తల వంచాను. సోమలా, ఇన్నాళ్లూ నీ పక్కన కూర్చున్నది నేను కాదు." ఆ మాటతో దవడ మూసుకుంది.

రాజు మొహం తడిగోడ మీది సున్నంలా పెచ్చులు పెచ్చులుగా ఊడిపడింది. కింద బూడిదరంగు మొహం, పొగలు చిమ్మే కంఠం. అందరూ హాహాకారాలు చేస్తుండగా ధూమకంఠుడు ఒక్క దూకులో బేతయ్య మీద పడి అతని మెడ మీద చెయ్యివేసి మంత్రం చదివాడు. గొలుసులు తెగాయి. కుందమ కళ్ల ముందే అన్న నుదుటిని చీల్చుకుని కొమ్ములు మొలిచాయి, చేతులు గిట్టలయ్యాయి. అవతల ధూమకంఠుడు బేతయ్య మొహంతో, బేతయ్య మాసిన గడ్డంతో నిలబడి నవ్వాడు.

"కొట్టండి నన్ను. మీ కత్తులకు తెగను. ఈ రూపం ఊడాలంటే ఏం చెయ్యాలో మీ రాజే చెప్పాడుగా," అన్నాడు.

అందరికీ అర్థమైంది. విలుకాండ్రు కణుజు వైపు బాణాలు ఎక్కుపెట్టారు. ఇంకో తలను కడిగి ఆ గోడకెక్కిస్తే మాంత్రికుడి పని మళ్లీ అయిపోతుంది. కుందమ పరుగున వెళ్లి కణుజు మెడను రెండు చేతులా వాటేసుకుంది. దాని ఒళ్లు గజగజ వణుకుతోంది.

"అమ్మగారూ, వద్దు. ఈ తల నేను కడగలేను," అంది.

సోమలదేవి లేచింది. మాంత్రికుడి వైపు చూడలేదు. గోడ దగ్గరికి నడిచి, చెయ్యి చాచి తెల్లటి ఎముక నుదుటిని తాకింది. ఆమె ఒక్క మాట అంటే రాజ్యానికి పట్టిన పీడ విరగడవుతుంది. విలుకాండ్రు నారి లాగి పట్టి ఆ మాట కోసమే చూస్తున్నారు.

"విల్లులు దించండి. చావడి తలుపులు బార్లా తెరవండి," అంది రాణి. కుందమ వైపు తిరిగింది. "నా మనిషిని నువ్వు నా దగ్గరికి చేర్చావు. నీ మనిషిని నువ్వు తీసుకుపో. బతికించుకో."

కుందమ కణుజు మీదికెక్కి కొమ్ములు పట్టుకుంది. వెనక బేతయ్య గొంతుతోనే ధూమకంఠుడు కేక పెట్టాడు, వాడి కంఠంలోంచి పొగకుక్కలు గుంపులుగా దూకాయి. కణుజు ఒక్క లంఘనంలో మెట్లన్నీ దాటి, కోటగుమ్మం వైపు ఎండలోకి దౌడు తీసింది.